పేరులో ఫెర్న్, రాయిలో వేరొకటి: కార్బోనిఫెరస్ ఆకు శిలాజాలను గుర్తించడం ఎందుకంత చిక్కు?

నల్లటి రాతి పలక. దాని మీద దువ్వెన పళ్లలా వరసగా పేర్చిన చిట్టి ఆకులు, మధ్యలో సన్నటి కాడ. చూడగానే ఎవరైనా "ఫెర్న్ శిలాజం!" అనేస్తారు. సరే, ఏ ఫెర్న్? గొడవ ఇక్కడే మొదలవుతుంది. అదే రాయిని తెలిసినవాళ్లు ముగ్గురికి చూపిస్తే ఒకరు న్యూరోప్టెరిస్ అంటారు. ఇంకొకరు కాదు, మాక్రోన్యూరోప్టెరిస్ అంటారు. మూడో ఆయన అసలది ఫెర్నే కాదని తేల్చేస్తారు. తమాషా ఏమిటంటే, ముగ్గురూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు.

"ఇదేమిటి?" అని మనం అడిగే ఒక్క ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలు దాగున్నాయి. ఈ ఆకు ఏ ఆకారంలో ఉంది? ఏ మొక్కకు కాసింది? ఆ మొక్క ఎవరికి చుట్టం? రాయి మొదటి ప్రశ్నకు జవాబు చాలాసార్లు ఇస్తుంది. మిగతా రెండిటికీ ఇవ్వాలని ఏమీ లేదు. ఈ మూడిటినీ కలిపేసుకోవడం వల్లే ఇంత తికమక.

## ఆ అడవి ఏ కాలానిది, ఎక్కడిది

కార్బోనిఫెరస్ యుగం సుమారు 35.9 కోట్ల ఏళ్ల కిందట మొదలై 29.9 కోట్ల ఏళ్ల కిందట ముగిసింది. బొగ్గును మోసేది అని ఆ మాటకు అర్థం. 1822లో ఇంగ్లండ్ భూగర్భ శాస్త్రవేత్తలు విలియం కానిబేర్, విలియం ఫిలిప్స్ ఈ పేరు పెట్టారు. మనం మాట్లాడుకునే ఆకుల్లో ఎక్కువ భాగం ఈ యుగం రెండో సగానివి, అంటే 32.3 కోట్ల ఏళ్ల కిందటి నుంచి మొదలయ్యే పెన్సిల్వేనియన్ భాగానివి. ఇప్పటి ఐరోపా, ఉత్తర అమెరికా భూభాగాలు అప్పట్లో భూమధ్యరేఖ దగ్గర ఉండేవి. అక్కడి చిత్తడి అడవులే బొగ్గుగా మారాయి. బొగ్గు పొరలో ఆకులు నలిగిపోయి గుర్తుపట్టలేకుండా ఉంటాయి. దాని మీద పేరుకున్న బురద గట్టిపడి షేల్ అనే పొరల రాయి అవుతుంది. మంచి ఆకులు దొరికేది ఆ షేల్‌లోనే. అందుకే ఈ శాస్త్రం తొలి నమూనాల్లో చాలా భాగం గని పైకప్పుల నుంచి, గని పక్కన పోసిన చెత్తరాళ్ల గుట్టల నుంచి వచ్చాయి.

దక్షిణ ఖండాల కథ వేరు. ఆ కాలంలో అక్కడ మంచు పలకలు ఉండేవి. ఇండియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా బొగ్గు పొరల్లో కనిపించే గ్లోసోప్టెరిస్ ఆకులు తర్వాత వచ్చిన పెర్మియన్ యుగానివి. దాని పేరులోనూ "ప్టెరిస్" ఉంది, అంటే గ్రీకులో ఫెర్న్. అదీ ఫెర్న్ కాదు, విత్తనాల మొక్కే. ఈ "ప్టెరిస్" అనే తోక ఎంతమందిని తప్పుదోవ పట్టించిందో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

## ఫెర్న్ అంటే ఒకటి, ఫెర్న్‌లాంటి ఆకు అంటే ఇంకొకటి

వృక్షశాస్త్రం లెక్కలో ఫెర్న్ అంటే విత్తనాలు లేని మొక్క. ధూళిలాంటి సిద్ధబీజాలతో వంశం పెంచుకుంటుంది. ఆకు కింది వైపు గోధుమరంగు చుక్కల్లా కనిపించేవి ఆ సిద్ధబీజాల సంచులు, అంటే సిద్ధబీజాశయాలే. ఆకు చీలికలు చీలికలుగా ఉండటం ఫెర్న్‌కు అలవాటే కానీ, అది ఫెర్న్ ఒక్కదాని సొత్తు కాదు. పూల మొక్కలు ఇంకా పుట్టని ఆ అడవిలో వేర్వేరు వంశాల మొక్కలు అలాంటి ఆకులే వేసుకున్నాయి.

19వ శతాబ్దం మొదట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఫ్రాన్స్‌లో అడాల్ఫ్ బ్రోన్యార్ 1820ల్లో ఈ శిలాజాలకు ఒక పద్ధతి ఏర్పరిచాడు. కాయలు, గింజలు, సిద్ధబీజాలు ఎలాగూ అరుదు కాబట్టి ఆకు ఆకారం, ఈనెల తీరు చూసి పేర్లు పెట్టాడు. పెకోప్టెరిస్, స్ఫీనోప్టెరిస్, ఒడాంటోప్టెరిస్ లాంటి పేర్లు అలా వచ్చినవే. చేతిలో ఉన్నదాన్ని బట్టి చూస్తే అంతకన్నా తెలివైన పద్ధతి అప్పట్లో ఇంకొకటి లేదు. కాకపోతే ఫెర్న్‌లా కనిపించిన ప్రతిదీ ఫెర్న్ ఖాతాలో పడింది. ఆ యుగానికి "ఫెర్న్‌ల యుగం" అన్న పేరు కూడా వచ్చేసింది.

తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. న్యూరోప్టెరిస్, అలెథోప్టెరిస్ లాంటి వాటి ఆకులు రాశులుగా దొరుకుతున్నా ఒక్కదాని మీదా సిద్ధబీజాశయాలు కనిపించడం లేదేమని 1883లో ఆస్ట్రియా శాస్త్రవేత్త డియోనిస్ స్టూర్ ఎత్తిచూపాడు. వాటిని ఫెర్న్‌ల లెక్కలోంచి తీసేయాలన్నాడు. ఇరవై ఏళ్లకు ఆధారం దొరికింది. 1903లో ఫ్రాన్సిస్ ఆలివర్, డుకిన్‌ఫీల్డ్ స్కాట్ ఇంగ్లండ్ బొగ్గు పొరల్లోని ఒక విత్తనాన్ని పరిశీలిస్తున్నారు. ఆ విత్తనం ఏ ఆకుకూ అతుక్కుని లేదు. కానీ దాని చుట్టూ ఉన్న తొడుగు మీద గుండుసూది తలల్లాంటి సన్నటి గ్రంథులు ఉన్నాయి. సరిగ్గా అలాంటి గ్రంథులే లిజినోప్టెరిస్ అనే "ఫెర్న్" కాండం మీదా ఆకుల మీదా ఉన్నాయి. ఆ పొరల్లో ఇంకే మొక్కకూ అవి లేవు. వేలిముద్రతో దొంగను పట్టుకున్నట్టే. మరుసటి ఏడాది రాబర్ట్ కిడ్‌స్టన్ న్యూరోప్టెరిస్ రెమ్మకు అతుక్కునే ఉన్న విత్తనాలను చూపించాడు. అలా ఫెర్న్ ఆకు, విత్తనం రెండూ ఉన్న మొక్కలకు టెరిడోస్పెర్మ్‌లు అన్న పేరొచ్చింది. మామూలు మాటల్లో విత్తన ఫెర్న్‌లు.

ఈ పేరు కూడా తప్పు అర్థమే ఇస్తుందని నాకనిపిస్తుంది. ఇవి విత్తనాలు నేర్చుకున్న ఫెర్న్‌లు కావు. ఫెర్న్‌లాంటి ఆకులున్న తొలి విత్తన మొక్కలు. పైగా ఇవన్నీ ఒకే వంశం కూడా కాదు, వేర్వేరు కొమ్మల నుంచి వచ్చిన వాటిని సౌకర్యం కోసం ఒకే బుట్టలో వేశారు.

అన్నిటికన్నా విచిత్రం అలెథోప్టెరిస్ సంగతి. గ్రీకులో "అలెథెస్" అంటే నిజమైన అని. అంటే ఆ పేరుకు అర్థం "నిజమైన ఫెర్న్". తీరా చూస్తే అది విత్తన మొక్క ఆకు. నియమాల ప్రకారం పాత పేరు మార్చే వీలు లేదు కాబట్టి ఆ అబద్ధం అలాగే కొనసాగుతోంది.

## ఒకే చెట్టుకు అయిదు పేర్లు

ఒక చెట్టు చచ్చాక దాని ఆకు ఒకచోట, కాండం ఒకచోట, గింజ ఇంకోచోట రాయిలో చేరతాయి. వాటిని కనుక్కున్నవాళ్లకు అవన్నీ ఒకే చెట్టువని తెలిసే దారి లేదు. కాబట్టి దేని పేరు దానిదే. మెడుల్లోసా అనే విత్తన ఫెర్న్‌నే చూడండి. మెడుల్లోసా అన్నది కాండం పేరు. ఆకు ఈనెల తీరును బట్టి అలెథోప్టెరిస్ గానీ న్యూరోప్టెరిస్ గానీ అవుతుంది. ఆకు కాడ విడిగా దొరికితే మైలోజైలాన్. విత్తనం ట్రైగోనోకార్పస్. పుప్పొడి అవయవం డోలెరోథీకా. ఇవన్నీ ఒకే రకం చెట్టు ముక్కలు.

నిజమైన ఫెర్న్‌లకూ ఇదే గతి. శారోనియస్ అనేది చెట్టులా పెరిగే ఫెర్న్ కాండం. పది మీటర్ల దాకా ఎదిగేది. దాని ఆకు పెకోప్టెరిస్. ఆకు రాలిన మచ్చలున్న బెరడు కాలోప్టెరిస్. సిద్ధబీజాశయాలతో ఉన్న ఆకు ఒత్తుడు ముద్రగా దొరికితే ఆస్టెరోథీకా, కణాలతో సహా రాయిగా మారి దొరికితే స్కోలెకోప్టెరిస్. అంటే మొక్క భాగాన్ని బట్టే కాదు, అది రాయిగా మారిన తీరును బట్టి కూడా పేరు మారుతుంది.

కొత్తగా చదివేవాళ్లకు ఇది పిచ్చి పనిలా కనిపిస్తుంది. నామకరణ నియమావళి మాత్రం దీన్ని తెలిసే అనుమతించింది. శిలాజం పేరు మొక్కలో ఫలానా భాగానికి, ఫలానా దశకు, అది రాయిగా మారిన ఫలానా తీరుకు పరిమితమై ఉండొచ్చని ఒప్పుకుంది. తెలియని చుట్టరికాన్ని తెలిసినట్టు రాయడం కన్నా, చేతిలో ఉన్న ముక్కకు విడిగా పేరు పెట్టుకోవడమే నిజాయితీ అన్నది దాని వెనకున్న ఆలోచన.

## పేర్లు ఏ గుర్తుల మీద నిలబడ్డాయి

ఇక అసలు ఆకులోకి వెళ్దాం. మొత్తం ఆకును మట్ట అందాం. దాని నడుమ పెద్ద కాడ, కాడకు రెండు పక్కలా రెమ్మలు, రెమ్మలకు చిట్టి ఆకులు. ఈ చిట్టి ఆకులనే పత్రకాలు అంటారు. విత్తన ఫెర్న్‌ల మట్టలు కొన్ని మీటర్ల పొడవుండేవి. మన చేతికి వచ్చేది మాత్రం అరచేతిలో పట్టే రెమ్మ ముక్క. గుర్తింపు భారమంతా పత్రకం మీద పడటానికి కారణం ఇదే.

పత్రకంలో మొదట చూసేది అది కాడను ఎలా పట్టుకుందన్నది. పెకోప్టెరిస్‌లో పత్రకం అడుగు మొత్తం కాడకు అతుక్కుని ఉంటుంది. పక్క అంచులు దాదాపు సమాంతరంగా సాగి కొన గుండ్రంగా ముగుస్తుంది. వరసగా చూస్తే దువ్వెనే, పేరు కూడా దువ్వడం అన్న గ్రీకు మాట నుంచే వచ్చింది. న్యూరోప్టెరిస్‌లో అడుగు లోపలికి నొక్కుకుపోయి తమలపాకు అడుగులా ఉంటుంది. కాడకు ఒక్క బిందువు దగ్గరే తగులుతుంది. ఇలా ఒక్క చోటే పట్టు ఉండటంతో న్యూరోప్టెరిస్ పత్రకాలు రాలిపోయి విడివిడిగా దొరకడం మామూలే. అలెథోప్టెరిస్ ఇంకో రకం. అడుగు వెడల్పుగా ఉండి కాడ వెంబడి కిందికి జారి పక్క పత్రకాన్ని కలుపుకుంటుంది. స్ఫీనోప్టెరిస్‌లో అడుగు సన్నగా మేకులా ఉండి, పైన పత్రకం చిన్న చిన్న తమ్మెలుగా విడిపోతుంది.

తర్వాత ఈనెలు. తేడాలు బయటపడేది ఇక్కడే, భూతద్దం లేకపోతే పని జరగనిదీ ఇక్కడే. పెకోప్టెరిస్‌లో నడి ఈనె స్పష్టంగా కొన దాకా పోతుంది. పక్క ఈనెలు తక్కువ, ఒకటి రెండుసార్లు చీలి ఊరుకుంటాయి. న్యూరోప్టెరిస్‌లో నడి ఈనె కొన దాకా పోకుండానే విడిపోతుంది. పక్క ఈనెలు ఫౌంటెన్ నీళ్లలా వంపు తిరిగి అంచుకు చేరతాయి. అలెథోప్టెరిస్‌లో నడి ఈనె లోతైన గాడిలా ఉంటుంది. పక్క ఈనెలు దట్టంగా, దాదాపు అడ్డంగా పోతాయి. దీనికి ఒక పక్కా గుర్తు ఉంది. పత్రకాలు కలిసే అడుగు భాగంలో కొన్ని ఈనెలు నడి ఈనెతో పని లేకుండా సూటిగా కాడ నుంచే వస్తాయి. ఒడాంటోప్టెరిస్‌లో ఇంకో అడుగు ముందుకేసి అన్ని ఈనెలూ కాడ నుంచే వస్తాయి, నడి ఈనె అంటూ ఉండదు.

ఈనెలు ఒకదానితో ఒకటి కలిసి వలలా అల్లుకుంటే పేరే మారిపోతుంది. న్యూరోప్టెరిస్ ఆకారంలో వల ఉంటే లినోప్టెరిస్ లేదా రెటిక్యులోప్టెరిస్, అలెథోప్టెరిస్ ఆకారంలో వల ఉంటే లోంకోప్టెరిస్.

మూడోది రెమ్మ చివర. కొన్నిటిలో రెమ్మ ఒంటి పత్రకంతో ముగుస్తుంది, కొన్నిటిలో జంటతో. న్యూరోప్టెరిస్‌లా కనిపించి చివర జంట ఉంటే అది పారిప్టెరిస్ అయ్యే అవకాశం ఎక్కువ. నాలుగోది పెద్ద కాడ. అది రెండుగా చీలి ఉంటే విత్తన ఫెర్న్ వైపు మొగ్గు చూపొచ్చు. శారోనియస్ ఫెర్న్‌ల మట్టల్లో అలాంటి చీలిక కనిపించదు. అయితే ఆ చీలిక పడేంత పెద్ద ముక్క ఎంతమందికి దొరుకుతుంది?

లేత ఆకు చుట్ట చుట్టుకుని ఉండటం ఫెర్న్‌కు తిరుగులేని గుర్తని చాలామంది అనుకుంటారు. కాదు. విత్తన ఫెర్న్‌ల లేత ఆకులూ అలాగే చుట్టుకునేవి. అలాంటి చుట్టలు విడిగా దొరికితే స్పైరోప్టెరిస్ అని రాసి ఊరుకుంటారు. అది ఎవరి చుట్టో చెప్పనక్కర్లేని పేరు.

## ఉదాహరణకు: నాలుక ఆకారపు పెద్ద పత్రకం

షేల్ పలక మీద ఒంటరిగా ఒక పత్రకం ఉందనుకుందాం. పొడవు ఏడు సెంటీమీటర్లు, ఆకారం నాలుకలా. అడుగు నొక్కుకుపోయి ఉంది. ఈనెలు వంపు తిరిగి చాలా దట్టంగా ఉన్నాయి. ఇంతవరకు చూస్తే న్యూరోప్టెరిస్ తరహా అని ధైర్యంగా చెప్పొచ్చు.

ఇప్పుడు భూతద్దంలో చూస్తే ఈనెలతో సంబంధం లేని సన్నటి గీతలు కొన్ని వాటిని అడ్డంగా దాటుతూ కనిపించాయి. అవి రాతి గీరలు కావు, ఆకు మీది వెంట్రుకలు. ఇంత పెద్ద పత్రకం, నొక్కుకున్న అడుగు, ఈ వెంట్రుకలు మూడూ కలిస్తే మాక్రోన్యూరోప్టెరిస్ షూఖ్జెరి అన్న జాతి పేరు దాకా వెళ్లొచ్చు. పక్కనే కాడ ముక్క కూడా ఉండి, పెద్ద పత్రకం అడుగున రెండు చిన్న గుండ్రటి పత్రకాలు కనిపిస్తే సందేహమే లేదు. 18వ శతాబ్దం మొదట్లో ఈ యుగపు మొక్కల బొమ్మలు ముద్రించిన స్విట్జర్లాండ్ పండితుడు యోహాన్ షూఖ్జర్ పేరు దీనికి పెట్టారు. అవన్నీ జలప్రళయంలో మునిగిన మొక్కలని ఆయన నమ్మకం.

వెంట్రుకలు కనిపించకపోతే? రాయి రేణువులు ముతకగా ఉండి వాటి అచ్చు పడకపోయి ఉండొచ్చు. లేదా ఇది వేరే జాతి కావొచ్చు. అప్పుడు పేరు ఒక మెట్టు దిగాల్సిందే. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. శిలాజాల విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఈ తేడా దగ్గరే.

ఇదే మొక్కల గుంపులో మట్ట అడుగున కాడకు నేరుగా పుట్టే గుండ్రటి ఆకులు కొన్ని ఉంటాయి. అవి విడిగా దొరికితే సైక్లోప్టెరిస్. కిందా పైనా ఒకే మట్ట, రెండు వేర్వేరు ప్రజాతుల, అంటే దగ్గరి జాతుల గుంపుల, పేర్లు.

## ఇంకో ఉదాహరణ: ఒకే రెమ్మ నుంచి మూడు ముక్కలు

అలెథోప్టెరిస్ రెమ్మ ఒకటి మూడు ముక్కలైందని ఊహించండి. మధ్య ముక్కలో గుర్తులన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటాయి. గాడిలాంటి నడి ఈనె, కలిసిపోయిన అడుగులు, కాడ నుంచి సూటిగా వచ్చే ఈనెలు. పేరు పెట్టడానికి అయిదు నిమిషాలు చాలు.

కొన వైపు ముక్కలో పత్రకాలు చిన్నవై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నడి ఈనె బలహీనపడుతుంది. దాన్ని విడిగా చూసినవాళ్లు ఒడాంటోప్టెరిస్ అనుకునే ప్రమాదం ఉంది. మొదలు వైపు ముక్కలో పత్రకాలు పెద్దవై, తమ్మెలు పడి, వాటికవే చిన్న రెమ్మలుగా మారుతుంటాయి. అది ఇంకో జాతిలా అనిపిస్తుంది. మూడు ముక్కలూ మూడు సంచుల్లో మూడు చోట్లకు చేరితే మూడు పేర్లు పుట్టినా ఆశ్చర్యం లేదు. పాత పుస్తకాల్లో జాతుల సంఖ్య ఉబ్బిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఒకే మట్టలో ఎంత మార్పు ఉంటుందో పెద్ద మట్టలు దొరికాక గానీ తెలియలేదు.

పెకోప్టెరిస్, అలెథోప్టెరిస్ మధ్య తడబాటు కూడా ఇలాంటిదే. రెండిటికీ అడుగు వెడల్పే, రెండూ దువ్వెనలే. అడుగు దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర రాయి పెచ్చు ఊడి ఉంటే, ఈనెలు కాడ నుంచి వస్తున్నాయో లేదో చూసే అవకాశం పోతుంది. చుట్టరికం లెక్కలో అది సిద్ధబీజాల మొక్కకూ విత్తనాల మొక్కకూ మధ్య తేడా. రాయి మీద చూస్తే గోరంత పెచ్చు.

స్ఫీనోప్టెరిస్ ముక్క దొరికితే ఇంత చర్చ కూడా అక్కర్లేదు. ఆ పేరు కింద నిజమైన ఫెర్న్‌లూ ఉన్నాయి, విత్తన ఫెర్న్‌లూ ఉన్నాయి. లిజినోప్టెరిస్ ఆకులు అలాంటివే. ఆకు ఒక్కటే చూసి వంశం చెప్పడం కుదరని పని.

## సిద్ధబీజాలు దొరికితే తేలిపోతుందా

చాలా వరకు తేలుతుంది. పెకోప్టెరిస్ పత్రకం కింద నడి ఈనెకు రెండు పక్కలా చిన్న నక్షత్రాల్లాంటి గుంపులు కనిపిస్తే అది ఫెర్నే. శారోనియస్ చెట్ల వంశం, అంటే ఇప్పటికీ ఉష్ణమండలంలో బతికి ఉన్న మరాటియా ఫెర్న్‌ల బంధువు. అలాంటి ఆకులకే ఆస్టెరోథీకా, సయాథోకార్పస్ లాంటి పేర్లు వాడతారు.

అయితే పెకోప్టెరిస్ ఆకారమంతా ఈ ఒక్క వంశానిదే కాదు. పెకోప్టెరిస్ ప్లుమోసా అని పిలిచిన ఆకు సిద్ధబీజాశయాలను చూస్తే అది వేరే కుటుంబానికి చెందిన సెన్ఫ్‌టెన్‌బెర్గియా అనే ఫెర్న్‌దని తేలింది. పెకోప్టెరిస్ ప్లుకెనెటి మీద 1905లో ఫ్రాన్స్‌కు చెందిన సిరిల్ గ్రాండ్యూరీ ఏకంగా విత్తనాలే చూశాడు. దాన్నిప్పుడు డిక్సోనైటిస్ అంటున్నారు. కాబట్టి "పెకోప్టెరిస్ అంటే ఫెర్న్" అన్న సూత్రం ఎక్కువ సందర్భాల్లో పనిచేస్తుంది, అన్నిట్లో కాదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. రాయి చీలినప్పుడు ఆకు ముద్ర రెండు పలకల మీదా పడుతుంది. సిద్ధబీజాశయాలు ఉండేది కింది వైపు. ఆ వైపు రాయికే అతుక్కుపోయి పై వైపే బయటికి కనిపిస్తే, ఫలవంతమైన ఆకు కూడా గొడ్డు ఆకులా అనిపిస్తుంది. రెండో పలకను అక్కడే పారేసి వచ్చినవాళ్లు సగం సాక్ష్యం పారేసి వచ్చినట్టే.

## రాయి రకం ఏం దాస్తుంది, ఏం చూపిస్తుంది

ఒకే మొక్క వేర్వేరు రాళ్లలో వేర్వేరు సంగతులు చెబుతుంది. షేల్‌లో ఆకు నలిగి పల్చటి బొగ్గు పొరగా మిగిలితే, ప్రయోగశాలలో ఆమ్లాలతో శుభ్రం చేసి ఆకుపై ఉండే మైనపు పొరను, అంటే అవభాసినిని, విడదీయొచ్చు. పత్రరంధ్రాల అమరిక, వెంట్రుకల మొదళ్లు అందులో కనిపిస్తాయి. విత్తన ఫెర్న్‌ల అవభాసిని మందంగా ఉండి ఈ పనికి తట్టుకుంటుంది. నిజమైన ఫెర్న్‌లది పల్చన, సాధారణంగా కరిగిపోతుంది. బొగ్గు పొర రాలిపోయి ఉత్త అచ్చు మిగిలితే ఈ దారి మూసుకుపోతుంది.

అమెరికాలో ఇలినాయ్ రాష్ట్రపు మేజన్ క్రీక్‌లో దొరికే ఆకులు ఇనుప ఖనిజపు గుండ్రాళ్లలో ఉంటాయి. వయసు దాదాపు 31 కోట్ల ఏళ్లు. రాయి పగలగొడితే పత్రకం ఉబ్బెత్తు ఆకారంతో సహా బయటపడుతుంది, ఈనెలు చక్కగా కనిపిస్తాయి. కాకపోతే గుండ్రాయి ఎంతుంటే ఆకు అంతే. పెన్సిల్వేనియాలోని సెయింట్ క్లెయిర్ దగ్గర నల్లటి షేల్ మీద ఆకులు తెల్లగా మెరుస్తాయి. మొక్క పదార్థం పోయి, చివరికి పైరోఫిల్లైట్ అనే తెల్లటి ఖనిజం ఆ చోట చేరడమే కారణం. ఫోటోకు అంతకన్నా అందమైనవి లేవు. అవభాసిని కోసం వెతికేవాళ్లకు మాత్రం అందులో ఏమీ దొరకదు.

బొగ్గు పొరల్లోనే ఏర్పడే సున్నపు ముద్దలు ఇంకో ఎత్తు. వాటిని కోల్ బాల్స్ అంటారు. మొక్క నలగకముందే ఖనిజం కణాల్లోకి చేరడంతో కాండం అడ్డకోత, విత్తనం లోపలి పొరలు, గ్రంథులు అన్నీ సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. ఆలివర్, స్కాట్‌ల విత్తనం దొరికింది ఇలాంటి వాటిలోనే. వాటిలో ఆకు మొత్తం ఆకారం మాత్రం అంత తేలిగ్గా కనిపించదు. షేల్ ఆకారం చూపించి లోపలి నిర్మాణం దాస్తుంది, కోల్ బాల్ లోపలిది చూపించి ఆకారం దాస్తుంది. రెండిటినీ కలిపే పని శతాబ్దానికి పైగా సాగుతూనే ఉంది.

## ఆకే కానివి

రాతి పగుళ్లలో నల్లటి కొమ్మల్లా పాకే గీతలను చూసి ఫెర్న్ దొరికిందని సంబరపడినవాళ్లు చాలామంది. అవి డెండ్రైట్లు. మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లు నీటితో పగుళ్లలో చేరి పెరిగిన ఖనిజపు నమూనాలు. ప్రాణం లేని చిత్రకారుడు గీసిన ఫెర్న్ అన్నమాట. దానికి పత్రకం ఉండదు, ఈనె ఉండదు, కొమ్మలు వేయడంలో వరస ఉండదు.

అదే అడవిలోని వేరే మొక్కలూ ఉన్నాయి. పువ్వులా చక్రంగా అమరిన ఆకులు ఆన్యులేరియా, కాలమైటిస్ అనే గుర్రపుతోక జాతి చెట్టు ఆకులు. పొడవాటి పట్టీల్లాంటివి కార్డైటిస్. వీటితో తడబాటు తక్కువే.

## విడదీయాలా, కలిపి ఉంచాలా

మొదట్లో చెప్పిన న్యూరోప్టెరిస్, మాక్రోన్యూరోప్టెరిస్ తగువు ఇదే. 1990లో క్రిస్టొఫర్ క్లీల్, సెడ్రిక్ షూట్, ఎర్విన్ జోడ్రో కలిసి పాత న్యూరోప్టెరిస్‌ను అవభాసిని, మట్ట నిర్మాణం ఆధారంగా లావెన్యోప్టెరిస్, మాక్రోన్యూరోప్టెరిస్ లాంటి పలు ప్రజాతులుగా విడదీశారు. వాళ్ల వాదన బలమైనదే. పాత పేరు కింద చేరినవి ఒకదానికొకటి దూరపు చుట్టాలు, అన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే మొక్కల చరిత్ర మసకబారుతుంది.

అవతలి పక్షం మాట కూడా తీసిపారేసేది కాదు. అవభాసిని లేని ఒక్క పత్రకం చేతిలో ఉన్నప్పుడు కొత్త ప్రజాతుల మధ్య తేడా ఏ గుర్తుతో చెప్పాలి? కనిపించని లక్షణం మీద ఆధారపడ్డ పేరును కనిపించే ముక్కకు ఎలా తగిలించాలి? పొరల వయసు తేల్చే భూగర్భ శాస్త్రవేత్తలకు ఇంకో తలనొప్పి. ఏ ఆకు ఏ పొరలో ఉందన్న పట్టికలు దశాబ్దాలుగా పాత పేర్లతోనే ఉన్నాయి. పేరు మారినప్పుడల్లా పాత జాబితాలన్నీ మళ్లీ చూసుకోవాలి.

ఈ తగువుకు మధ్యేమార్గం ఒకటి వాడుకలో ఉంది. లక్షణాలన్నీ కనిపించే మంచి నమూనాకు ఇరుకైన కొత్త పేరు, ముక్కకు విశాలార్థంలో అన్న గుర్తుతో పాత పేరు. నాకైతే ఇదే సబబనిపిస్తుంది. పూర్తి సాక్ష్యమున్న నమూనాకు ఇచ్చిన పేరునే గోరంత ముక్కకూ ఇస్తే ఆ పేరుకున్న విలువ పోతుంది.

పొర వయసు తెలిస్తే కొంత సాయం అందుతుంది. దాదాపు 30.5 కోట్ల ఏళ్ల కిందట ఐరోపా, అమెరికా చిత్తడి అడవుల్లో పెద్ద మార్పు వచ్చింది. లెపిడోడెండ్రాన్ లాంటి మహావృక్షాలు చాలా చోట్ల తగ్గి, ఆ స్థానంలోకి చెట్టు ఫెర్న్‌లు వచ్చాయి. ఆ తర్వాతి పొరల్లో పెకోప్టెరిస్ ఆకులు విస్తారం. అయితే పొరను బట్టి ఆకుకు పేరు పెట్టి, మళ్లీ ఆ ఆకును బట్టి పొర వయసు చెబితే గానుగెద్దు తిరిగినట్టే ఉంటుంది. పాత సేకరణల్లో ఇలాంటి లేబుళ్లు లేకపోలేదు.

## చీటీ మీద ఏం రాసుంటుంది

మ్యూజియం సొరుగు తెరిస్తే చీటీల మీద కొన్ని పొట్టి గుర్తులు కనిపిస్తాయి. పేరు తర్వాత "ఎస్‌పీ" అని ఉంటే ప్రజాతి తెలిసింది, జాతి తెలియలేదని. మధ్యలో "సీఎఫ్" ఉంటే ఫలానా జాతితో పోల్చదగ్గది, అదేనని ఒట్టు వేయలేమని. ప్రశ్నార్థకం ఉంటే ప్రజాతి మీదే అనుమానం. అనుభవం లేనివాళ్లకు ఇవి పని పూర్తి చేయని చీటీల్లా కనిపిస్తాయి. అనుభవం ఉన్నవాళ్లు ముందు వీటినే చదువుతారు.

ఒక ముక్క మీద "పెకోప్టెరిస్ ఎస్‌పీ, గొడ్డు ఆకు, దొరికిన పొర ఫలానా" అని ఉందనుకోండి. దువ్వెన ఆకారం ఖాయం, ఈనెలు కనిపించాయి, సిద్ధబీజాశయాలు కనిపించలేదు, పొర తెలుసు. ఫెర్న్ అయ్యే అవకాశమే ఎక్కువ, ప్లుకెనెటి లాంటి విత్తన మొక్క అయ్యే అవకాశం కొంత. పక్క సొరుగులో అదే గని నుంచి వచ్చిన ఇంకో ముక్క మీద పూర్తి జాతి పేరు గర్వంగా ఉంది, పొర పేరు మాత్రం లేదు. రేపు పేర్లు మళ్లీ మారితే మొదటి ముక్కను తిరిగి పరీక్షించొచ్చు. రెండోదాని విషయంలో ఆ రాసినాయన చూపును నమ్ముకోవడం తప్ప దారి లేదు.